తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నది?



గత నెల ఒక ఆదివారము మధ్యాహ్నము యౌవనస్థుల కూడికలో ఒక తమ్ముడు నన్ను ఒక ప్రశ్న అడిగినాడు. పగలంతా సాంచెల మీద, రాత్రి ఫోను మీద గడిపే పిల్లవాడే గాని లోకవార్తలు శ్రద్ధగా చూస్తాడు. సూడాన్ దేశములో 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధము గురించి చెప్పి, "సార్, ఆయుధము పట్టని జనము ఇంతమంది చస్తుంటే ఐక్యరాజ్య సమితి వాళ్ళు సైన్యము తీసుకొని ఎందుకు పోరు? వేరే దేశము వాళ్ళను కాపాడవలసిన బాధ్యత బయటివాళ్ళకు ఉన్నదా, లేదా?" అన్నాడు.

ముప్పై ఆరు సంవత్సరములు పాఠము చెప్పినవాడిని. జవాబు లేకుండా నిలబడుట నాకు అలవాటు లేదు. "దానికి అనుమతి ఉండవలె గదా నాయనా" అన్నాను. అందరూ తల ఊపినారు. తరువాతి పాటకు పోయినాము. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ 'అనుమతి' అన్న మాట నన్ను నిద్రపోనియ్యలేదు. ఎందుకంటే ఆ మాటను నేను ఇంతకు ముందు ఒకసారి వాడినాను. అది చెప్పకుండా ఈ విషయము మీద వ్రాసే అర్హత నాకు లేదు.

1984 మే నెల. నాకు ఇరవై నాలుగేండ్లు. నల్లగొండ జిల్లా నుండి టీచర్ ట్రైనింగు ముగించుకొని పద్మనగర్‌కు వచ్చి రెండేండ్లు కాలేదు. ఒక తెలుగు బడిలో చిన్న తరగతులకు చెప్పేవాడిని. వేసవి సెలవులు వచ్చినవి. పెద్దసారు ఊరికి పోతూ బడి తాళపుచెవి నా చేతిలో పెట్టి, "నేను వచ్చేదాకా ఎవరికీ ఇయ్యకు" అన్నారు. మే 17 తరువాత భివండిలో ఏమి జరిగినదో నా వయస్సు వారికి చెప్పనక్కరలేదు. ఇక్కడ అంటుకున్న మంట ఠాణే, బొంబాయి దాకా పోయినది. మొత్తము మీద రెండు వందలకు పైగా ప్రాణములు పోయినవి. అన్సారీ బాగ్‌లో తల దాచుకున్న వారిని ఆ తావులోనే చంపినారు. మా గల్లీలో కత్తి దూసినవాడు లేడు. కాని సాంచెల చప్పుడు ఆగిపోయినది. మన పేటలో ఉన్నవారికి తెలుసు, ఆ చప్పుడు ఉంటే నిద్ర పట్టుతుంది, ఆగితే పట్టదు. మిద్దె ఎక్కి చూస్తే మూడు దిక్కుల పొగ.

ఆ సాయంత్రము మా గల్లీ సాంచెలన్నిటికీ రిపేరు చేసే జాబర్ బడి ముందుకు వచ్చినాడు. ముస్లిం. వెంట భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు. ఒక మూట, ఒక వత్తుల స్టవ్వు. "మాస్టర్ సాబ్, ఒక్క రాత్రి బడిలో ఉండనియ్యండి. తెల్లవారితే పోతాము" అన్నాడు. తాళపుచెవి నా చొక్కా జేబులోనే ఉన్నది. బరువుగా కూడా తెలుస్తున్నది. "పెద్దసారు ఊరిలో లేరు. వారి అనుమతి లేకుండా నేను ఎట్లా తెరుస్తాను?" అన్నాను. నేను అబద్ధము చెప్పలేదు. నా మాటలో ప్రతి అక్షరము నిజము. అతడు వాదించలేదు. మూటను ఈ భుజము నుండి ఆ భుజమునకు మార్చుకొని పోయినాడు.

గల్లీ చివర కండెలు చుట్టి బ్రతికే ఒక ముసలమ్మ ఉండేది. పద్మశాలి ఇంటి తల్లి. ఉన్నది ఒకటే గది. ఆమె ఆ ఐదుగురిని లోపలికి పిలిచి తలుపు వేసుకున్నది. మూడు రాత్రులు ఉంచుకున్నది. రెండవ రోజు కర్ఫ్యూ సడలించిన గంటలో బిందె పట్టుకొని నా దగ్గరకు వచ్చి, "బడి నల్లాకన్న తాళం తియ్యి బిడ్డా. దానికి గూడ మీ పెద్దసారు పర్మిషన్ గావాల్నా?" అన్నది. తీసినాను. నీళ్ళు పట్టుకొని పోయినది. ఆ కుటుంబము క్షేమముగానే బయటపడినది. తరువాత ఎన్నోసార్లు ఆ జాబర్‌ను చాయ్ బండి దగ్గర చూసినాను. అతడు సలాము చేసేవాడు. నేను కూడా చేసేవాడిని. ఆ రాత్రి మాట మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

ఇక తమ్ముడు అడిగిన ప్రశ్నకు వస్తాను.

1994 ఏప్రిల్‌లో ఆఫ్రికాలోని రువాండా దేశములో, కిగాలి పట్టణములో, ఒక బడి ఉండేది. కథోలిక సలేసియన్ సభవారు నడిపే సాంకేతిక పాఠశాల. ఐక్యరాజ్య సమితి శాంతిసేనలోని బెల్జియం సైనికులు సుమారు తొంభై మంది అందులో దిగి ఉన్నారు. టుట్సీ జనులను ఇండ్లలో జొరబడి నరుకుచున్న రోజులవి. సైనికులు ఉన్నారన్న ధైర్యముతో రెండు వేల మంది దాకా ఆ బడిలోనికి వచ్చి చేరినారు. గేటు బయట హంతకులు కత్తులతో కాచుకొని కూర్చున్నారు. ఏప్రిల్ 11న సైనికులకు ఆజ్ఞ వచ్చినది, విదేశీయులను విమానమునకు చేర్చి మీరు వచ్చేయండి అని. వారు బండ్లు ఎక్కి వెళ్ళిపోయినారు. ఆ రెండు వేల మందిలో అత్యధికులు ఆ సాయంత్రమే చంపబడినారు. నూరు రోజులలో ఆ దేశములో సుమారు ఎనిమిది లక్షల మంది చనిపోయినారు. హత్యలు మొదలై రెండు వారములైనప్పుడు, ఏప్రిల్ 21న, భద్రతా మండలి చేసిన పని ఏమిటో తెలుసా? అక్కడ ఉన్న రెండు వేల ఐదు వందల మంది శాంతిసేనను 270కి తగ్గించుమని తీర్మానించినది.

ఆ సైనికులు దుర్మార్గులని నేను అనలేను. వారిలో పదిమందిని అంతకు నాలుగు రోజుల ముందే హంతకులు చంపినారు. వారికి ఆజ్ఞ ఉన్నది, ఆ ఆజ్ఞను పాటించినారు. నేను కూడా పెద్దసారు ఆజ్ఞను పాటించినాను.

అదే శాంతిసేనలో సెనెగల్ దేశపు కెప్టెన్ ఒకరు ఉండేవారు, పేరు ఎంబాయె డియాన్యె. ఆయుధము లేని పరిశీలకుడు. చూచి వ్రాసుకొనుట ఆయన పని. ఆయన మాత్రము తన బండిలో కొందరు కొందరిని ఎక్కించుకొని, దారిలో హంతకుల అడ్డుకట్టల దగ్గర నవ్వుతూ మాటలు చెప్పి, సిగరెట్లు పంచి, వందలాది మందిని దాటించినారు. ఎవరినీ అడగలేదు. మే 31న గుండు పడి చనిపోయినారు. ఇరవై ఏండ్ల తరువాత, 2014లో, ధైర్యము చూపినవారికి ఐక్యరాజ్య సమితి ఇచ్చే పతకమునకు ఆయన పేరే పెట్టినారు. ఆయన ముస్లిం అని కూడా ఇక్కడ చెప్పవలె. ఎందుకంటే అదే దేశములో గుడులలో దాగిన జనమును గుడులలోనే చంపినారు. న్తరామాలో, న్యమాటాలో ఆ గుడులు ఈ రోజు స్మారకములుగా ఉన్నవి. జనహత్యకు సహాయపడినాడని ఒక క్రైస్తవ పాస్టరు పైన అంతర్జాతీయ న్యాయస్థానము 2003లో నేరము స్థిరపరచినది. మనము అది చదివి పేజీ తిప్పకూడదు.

రువాండా తరువాత లోకమునకు సిగ్గు వేసినది. 2001 డిసెంబరులో కెనడా ప్రభుత్వము పూనికతో ఏర్పడిన ఒక సంఘము నివేదిక ఇచ్చినది. దాని భావము సులువుగా చెప్పుదును. రాజ్యమేలే ప్రభుత్వమునకు సార్వభౌమాధికారము ఉన్నదంటే 'నా ఇంటిలో నేను ఏమైనా చేస్తాను, నీవెవరు' అనే హక్కు కాదు. తన జనమును కాపాడే బాధ్యతయే ఆ అధికారము. ఆ బాధ్యతను కావాలని కాలదన్నితే, లేక మోయలేక చేతులెత్తివేస్తే, అది బయటివారి మీద పడును. 2005 సెప్టెంబరులో న్యూయార్కులో కూడిన దేశాధినేతలు దీనిని ఒప్పుకున్నారు. జనహత్య, యుద్ధ నేరములు, జాతి నిర్మూలన, మానవత్వమునకు విరుద్ధమైన నేరములు, ఈ నాలుగింటికే ఇది వర్తించును. తుఫానుకు, కరువుకు కాదు. సైన్యమును పంపవలసి వస్తే భద్రతా మండలి ద్వారానే, ఒక్కొక్క సందర్భమును బట్టి, అని కూడా వ్రాసుకున్నారు. అంటే తాళపుచెవి మరల పెద్దసారు దగ్గరే ఉన్నది. ఇక్కడ ఐదుగురు పెద్దసార్లు, వారిలో ఒకరు వద్దంటే చాలు.

అయితే ఈ అనుమతి అన్నది కేవలము పిరికివారి సాకు అని కొట్టివేయుటకు వీలు లేదు. ఇది నేను తమ్మునికి ఆ రోజు చెప్పవలసి ఉండెను. బలమున్నవాడు ప్రతివాడూ 'కాపాడుటకు పోవుచున్నాను' అనే బయలుదేరును. 2011 మార్చి 17న భద్రతా మండలి లిబియా జనులను కాపాడుటకు అనుమతి ఇచ్చినది. పది దేశములు ఔననినవి. భారతదేశముతో కలిపి ఐదు దేశములు ఎటూ ఓటు వేయలేదు. జనమును కాపాడుటకు పోయిన విమానములు ప్రభుత్వమును పడగొట్టేదాకా ఆగలేదు. తరువాత ఆ దేశమును చక్కదిద్దే ఓపిక ఎవరికీ లేకపోయినది. ఆ అనుభవమును చూపించియే సిరియా విషయములో మండలిలో అడ్డుపుల్లలు వేసినారు. అక్కడ జనము చచ్చినారు. దొంగ ఒకసారి అంబులెన్సులో వస్తే, ఆ తరువాత నిజమైన అంబులెన్సుకు కూడా ఎవరూ దారి ఇవ్వరు.

సహాయము చేసేవాడు తన లాభమును దానిలో కలుపకూడదన్న విషయము మన తెలుగు బాప్తిస్టులకు కొత్త కాదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన ఆ మహా కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకమును కాంట్రాక్టు తీసుకొని ఆకలితో వచ్చినవారికి కూలి ఇచ్చినారు. 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మము జరిగినదని మనము గొప్పగా చెప్పుకుంటాము. దానికి ముందు సంగతి తక్కువ చెప్పుకుంటాము. కరువు సహాయము నడిచిన నెలలన్నీ ఆయన బాప్తిస్మములు ఆపివేసినారు. కూడు కొరకు వచ్చినవాడెవడో విశ్వాసము కొరకు వచ్చినవాడెవడో తేలదని. ఆయన కూడా బయటి దేశమువాడే, అడుగకుండా వచ్చినవాడే. ఆయనను అనుమానించవలసిన అవసరము లేకుండా ముందు తన చేతులు తానే కట్టుకున్నాడు.

ఇంతకంటే దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. మనలో తెలంగాణ జిల్లాల నుండి వచ్చినవారికి అది మన తాత తండ్రుల కథ. 1948లో నైజాము రాజ్యములో ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ళ మీద పడినప్పుడు మా నాయనకు పదమూడేండ్లు. జొన్నచేనులో రెండు రాత్రులు దాగినానని చెప్పేవారు. ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడినప్పుడు ఊరివారు బురుజు ఎక్కి పోరాడినారు. ఆ బురుజు ఇప్పటికీ ఉన్నది. పదుల కొలది జనమును కాల్చి చంపినారు. ఆ నెలలోనే నైజాము ప్రభుత్వము, భారతదేశము మా మీద దండెత్తబోవుచున్నదని భద్రతా మండలికి ఫిర్యాదు పంపినది. మండలివారు సెప్టెంబరు 16న దానిని చేతికి తీసుకొనేటప్పటికి మన సైన్యము ప్రవేశించి మూడు రోజులైనది. 17న నైజాము లొంగిపోయినాడు. ఊళ్ళు ఊపిరి పీల్చుకున్నవి. సైన్యము రాకపోతే మా నాయన జొన్నచేనులో ఇంకెన్ని రాత్రులు ఉండవలసి వచ్చేదో. పోవుట న్యాయమే అని నేను నమ్ముచున్నాను.

కాని మా నాయన చెప్పిన కథ అక్కడే ఆగేది. తరువాత ఏమైనదో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. సైన్యము వచ్చిన తరువాత కొన్ని వారముల పాటు పగ తీర్చుకొనుట జరిగినది. రజాకార్లతో ఏ సంబంధము లేని ముస్లింలను, వారి మతమువారన్న ఒక్క కారణముతో, ముఖ్యముగా ఉస్మానాబాదు, నాందేడు, బీదరు, గుల్బర్గా జిల్లాలలో చంపినారు. విని నెహ్రూగారు పండిత సుందర్‌లాల్ గారిని, కాజీ అబ్దుల్ గఫార్ గారిని విచారణకు పంపినారు. చనిపోయినవారు 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని వారి అంచనా. కొన్ని చోట్ల ప్రభుత్వపు మనుషులే దోపిడీకి తోడైనారని కూడా వ్రాసినారు. ఆ నివేదికను దశాబ్దముల తరబడి బయట పెట్టలేదు. 2013లో గాని ఢిల్లీ నెహ్రూ మ్యూజియములో చదువుటకు దొరకలేదు. ఒక జనమును కాపాడుటకు పోయినవారు, ఆ నేల మీద కాలు పెట్టిన గంట నుండి అక్కడ ఉన్న ప్రతి ప్రాణికీ కావలివారే. ఓడిపోయినవాని పిల్లలకు కూడా. నిన్నటి దాకా బాధపడినవాడు ఈ రోజు బలవంతుడైనాడు గనుక, కావలి ఇక వాని ఎదుట నిలబడవలసి ఉన్నది. ఇది మాత్రము వెళ్ళేటప్పుడు ఎవరూ ఆలోచించరు.

ఆ నివేదికలో ఒక సంగతి నన్ను కుర్చీలో నుండి లేపినది. కొన్ని ఊళ్ళలో హిందువులు ముస్లింలను కాపాడినారట. ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య ఆ అభిమానము ఎక్కువగా కనబడినదట. దానికి వారు ఇచ్చిన ఉదాహరణ నేతవారు. హిందూ నేతగాండ్లు ముస్లిం నేతగాండ్లకు అడ్డము నిలబడి, చాలా నష్టపోయి, కొన్ని చోట్ల తమ ప్రాణములు కూడా పోగొట్టుకొని కాపాడినారని వ్రాసినారు. ఏ ఊరు, ఎవరు అన్నది అందులో లేదు. చదువుచున్నంత సేపు నాకు గల్లీ చివరి ముసలమ్మ, ఆమె కండెలు కనబడినవి. ఆమె పుట్టినిల్లు ఏ జిల్లానో నేను ఎన్నడూ అడగలేదు.

మన గ్రంథములో ఆశ్రయపురముల సంగతి ఉన్నది. యొర్దానుకు ఇటు మూడు, అటు మూడు, మొత్తము ఆరు. తెలియక ఒకని చంపినవాడు, పగవాని చేతిలో చావకుండా, తీర్పు జరిగేదాకా వాటిలోనికి పారిపోవచ్చును. యుద్ధములో చిక్కిన జనము కొరకు అవి ఏర్పడలేదు. కాబట్టి దానిని నేను బలవంతముగా ఇక్కడికి లాగను. కాని రెండు సంగతులు చూడండి. పారిపోయి వచ్చినవాడు పరదేశియైనా సరే, తలుపు ఒకటే. రెండవది, ఆ పట్టణపు పెద్దలు గుమ్మములో నిలిచి వాని మాట విని, లోపల చోటు ఇవ్వవలెను. ఇది ఆపద వచ్చిన రోజున పుట్టిన ఏర్పాటు కాదు. ఏ పట్టణము, ఏ పెద్దలు అన్నది ముందే తెలుసు.

గుమ్మములో నిలువవలసినవారు నిలువలేకపోతే ఏమగునో బోస్నియాలోని స్రెబ్రెనిత్సా చూపించినది. 1993 ఏప్రిల్‌లో భద్రతా మండలి ఆ పట్టణమును సురక్షిత ప్రాంతమని ప్రకటించినది. చుట్టు ప్రక్కల జనమంతా ఆ మాట నమ్మి అక్కడ చేరినారు. కావలికి ఉన్నది కొన్ని వందల మంది డచ్చి సైనికులు, తేలిక ఆయుధములతో. 1995 జూలై 11న సెర్బు సైన్యము పట్టణములోనికి వచ్చినది. ఎనిమిది వేల మందికి పైగా మగవారిని, బాలురను విడదీసి తీసుకొనిపోయి చంపినారు. వారిలో సుమారు 350 మంది డచ్చి స్థావరపు ఆవరణ లోపలే ఉండిరి. వారిని బయటికి పంపివేసినారు. దీని మీద నెదర్లాండ్సు సుప్రీం కోర్టు 2019లో తీర్పు చెప్పినది. ఆ 350 మందిని లోపలే ఉండనిచ్చి ఉంటే బ్రతికే అవకాశము నూటికి పది పాళ్ళు, కనుక ప్రభుత్వపు బాధ్యత కూడా నూటికి పది పాళ్ళు.

ఈ పది పాళ్ళ లెక్క మీద నేను చాలా రోజులు ఆలోచించినాను. నష్టపరిహారమునకు కోర్టువారికి ఒక లెక్క కావలె, అది వేరు. కాని ఆ లెక్క ప్రకారము చూస్తే నా బాధ్యత సున్న. ఆ జాబర్ కుటుంబము బ్రతికినది గదా. ముసలమ్మ లేకపోయి ఉంటే నూటికి ఎన్ని పాళ్ళు అయ్యేది? నేను చేసినది ఒక్కటే, ఆమె తలుపు తీసినా తీయకపోయినా నేను చేసినది మారదు. ఫలితము నా చేతిలో లేదు. జేబు మాత్రము నాదే.

అట్లని ప్రతివాడూ ఎంబాయె డియాన్యె కావలెనని చెప్పుట కూడా న్యాయము కాదు. అటువంటివారు లక్షకు ఒకరు. లోకమును వారి మీద ఆధారపడనిస్తే రువాండాయే మిగులును. మామూలు మనిషి, భయపడే మనిషి, పెళ్ళాము పిల్లలు ఉన్న మనిషి, ఆ రాత్రి తలుపు తీయవలెనంటే ఆ నిర్ణయము ఆ రాత్రి కంటే ముందే జరిగి ఉండవలె. పెద్దసారు ఊరికి పోతూ 'ఎవరికీ ఇయ్యకు' అనుటకు బదులు 'ఆపద వస్తే నన్ను అడగకుండా తెరువు' అని ఒక్క మాట అని ఉంటే నేను తెరిచేవాడిని. ఇది సాకుగా అనుట లేదు. నేను నిజముగా తెరిచేవాడిని, నాకు నా సంగతి తెలుసు. నేను ధైర్యవంతుడిని కాను, చెప్పిన మాట వినేవాడిని.

దీనికి సాక్ష్యము మన భివండియే. 1970 మే 7న శివజయంతి ఊరేగింపుతో మొదలైన అల్లరిలో ఇక్కడ, చుట్టు ప్రక్కల ఊళ్ళలో వందకు పైగా చనిపోయినారు. విచారించిన జస్టిస్ మదన్ గారు పోలీసుల పక్షపాతమును దాచకుండా వ్రాసినారు. మరల 1984 వచ్చినది. ఆ తరువాత 1988లో డి.సి.పి.గా వచ్చిన సురేశ్ ఖోపడే గారు మొహల్లా కమిటీలు పెట్టించినారు. ప్రతి పేటలో హిందువులు, ముస్లింలు సమానముగా, ఒక పోలీసు అధికారి తోడుగా కూర్చొనేవారు. పెద్ద నాయకులు కాదు, ఆ గల్లీలో ఉండే మామూలు జనము. ఏ అల్లరి లేని రోజులలో కూర్చొని చిన్న చిన్న తగాదాలు తీర్చేవారు. అప్పట్లో మనలో కొందరు నవ్వినారు, ఇది చాయ్ త్రాగే కమిటీ అని. నేనూ నవ్వినాను.

1992 డిసెంబరు 6న అయోధ్యలో మసీదు పడిపోయినది. బొంబాయిలో ఆ డిసెంబరు, తరువాతి జనవరి నెలలలో తొమ్మిది వందల మంది చనిపోయినట్లు శ్రీకృష్ణ కమిషన్ లెక్క. పేరు చెడిన భివండి మాత్రము నిలిచినది. లోకమంతా ఎదురు చూచినది మన ఊరు తగలబడుతుందని. తగలబడలేదు. కమిటీలు ఒక్కటే కారణమని నేను అనను. సాంచెలు ఆగితే రెండు వైపులా పొయ్యి వెలగదన్న ఎరుక కూడా పని చేసినది. కాని ఆ రాత్రులు పుకారు వచ్చినప్పుడు ఎవరి తలుపు తట్టవలెనో రెండు వైపులవారికి తెలిసి ఉండెను. తట్టినవాని పేరు లోపలివానికి కూడా తెలిసి ఉండెను. ఎవరూ ఎవరి అనుమతి కొరకూ ఎదురు చూడలేదు.

ఇది ఒకసారి కట్టి వదిలివేసే గోడ కాదు. 2006 జూలైలో, శ్మశానము దగ్గర పోలీసు స్టేషను కట్టే వివాదములో, కాల్పులలో ఇద్దరు పోయినారు, ఆ రాత్రే ఇద్దరు కానిస్టేబుళ్ళను గుంపు చంపినది. కమిటీలు అప్పటికి చల్లబడి చాలా రోజులైనవి.

సూడాన్‌కు మనము పోలేము తమ్ముడూ. భద్రతా మండలిలో మనకు కుర్చీ లేదు. కాని నీ ప్రశ్నకు ఆ రోజు నేను ఇచ్చిన జవాబు తప్పు. బయటివారికి బాధ్యత ఉన్నది. అనుమతి అన్నది ఆ బాధ్యత ఎట్లా నెరవేర్చవలెనో చెప్పుటకే గాని, అది ఉన్నదా లేదా అని తేల్చుటకు కాదు. ఆ అనుమతి ఎవరు, ఎప్పుడు, ఏ హద్దులలో అన్నది ఆపద లేని రోజుననే వ్రాసి పెట్టుకోకపోతే, ఆపద వచ్చిన రోజున కుర్చీలో ఉన్నవారందరూ నావలెనే నిజము చెప్పుదురు.

మన సంఘ హాలు తాళపుచెవి ప్రస్తుతము ఒక్కటే ఉన్నది, నా దగ్గర. గత కమిటీ కూటములో నేను ఒక మాట పెట్టినాను. మూడు చెవులు చేయించి మూడు గల్లీలలో ముగ్గురి దగ్గర ఉంచుదాము, వారిలో ఒకరు హాలు ప్రక్కనే ఉన్న దర్జీ దుకాణపు ముస్లిం సహోదరుడు కావలె, ఆపదలో ఎవరు వచ్చినా, ఏ మతమైనా, మనలను అడగకుండా తెరువవచ్చునని మినిట్స్ పుస్తకములో వ్రాసుకుందాము అని. ఒకరు ఫ్యాన్లు పోతాయి అన్నారు. ఒకరు హార్మోనియము సంగతి ఏమిటి అన్నారు. అవి రెండూ నిజమైన చిక్కులే, హార్మోనియము నలభై ఏండ్లనాటిది. ఇంకొకరు, "ఇప్పుడు అంతా ప్రశాంతముగానే ఉన్నది గదా సార్, వచ్చినప్పుడు చూసుకుందాము" అన్నారు. తీర్మానము వాయిదా పడినది. వచ్చే నెల రెండవ ఆదివారము ఆరాధన అయిన తరువాత అది మరల చర్చకు వచ్చును. సభ్యులందరూ తప్పక ఉండవలెనని కోరుచున్నాను.